ఓఎస్ మారాక పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఆగిపోతోంది?

క్లుప్తంగా: ఓఎస్ (కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌గ్రేడ్ తర్వాత పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే, లోపం చాలాసార్లు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉండదు. దాని కింద ఉండే కోడెక్‌లు (వీడియో ఫైళ్లను కుదించి, విప్పి చదివే భాగాలు), డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను ఓఎస్‌తో కలిపేవి), లైసెన్సు భాగాలు, 32-బిట్ లైబ్రరీలు (పాత తరహా ప్రోగ్రాములు వాడుకునే ఓఎస్ ముక్కలు) పోయి ఉంటాయి. పోయింది ఏదో తెలిస్తేనే దాన్ని తిరిగి నడిపించగలమో లేదో తేలుతుంది. అయితే సాఫ్ట్‌వేర్‌ను నడిపించడం వేరు, అందులోని ప్రాజెక్టును కాపాడుకోవడం వేరు. రెండోది పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుండగానే చేయాల్సిన పని.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు మారాలంటే కంప్యూటర్‌లో టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ అనే రక్షణ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే, కొద్ది మినహాయింపులు తప్ప, 8వ తరం లేదా ఆ తర్వాతిది కావాలి. అవి 2017 ద్వితీయార్ధంలో మార్కెట్లోకి వచ్చాయి. అంతకుముందు కొన్న కంప్యూటర్లు ఎంత బాగా నడుస్తున్నా అర్హత జాబితాలో లేవు. పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసే స్టూడియోల్లో ఇలాంటివే ఎక్కువ. ఒకసారి ఎడియస్, ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు, వాటికి జోడించే ప్లగిన్లు అన్నీ కుదిరాక ఆ సిస్టమ్‌ను కదిలించడానికి ఎవరూ ఇష్టపడరు.

ఇప్పుడు అడిగేవి రెండు ప్రశ్నలు. కొత్త సిస్టమ్‌లో పాత సాఫ్ట్‌వేర్ నడుస్తుందా? పాత ప్రాజెక్టులు తెరుచుకుంటాయా? ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుకోవడం వల్లే చాలా గందరగోళం పుడుతోంది.

## ఫైనల్ కట్ ప్రో 7కు జరిగింది

ఈ విషయాన్ని దశలవారీగా చూపించే ఉదాహరణ యాపిల్ వారి ఫైనల్ కట్ ప్రో 7. అది 2009 జులైలో వచ్చింది. 2011 జూన్‌లో యాపిల్ దాన్ని పక్కనపెట్టి ఫైనల్ కట్ ప్రో ఎక్స్‌ను విడుదల చేసింది. పేరు దగ్గరగా ఉన్నా లోపల పూర్తిగా కొత్త సాఫ్ట్‌వేర్ అది. ప్రో 7లో చేసిన ప్రాజెక్టు ఫైల్‌ను ప్రో ఎక్స్ తెరవలేదు. దాంతో వృత్తి ఎడిటర్లలో చాలామంది పాతదాన్నే పట్టుకుని ఉన్నారు.

ప్రో 7 కార్బన్ అనే పాత ప్రోగ్రామింగ్ పునాది మీద నిలబడింది. కార్బన్‌ను పూర్తిస్థాయిలో 64-బిట్‌కు తెచ్చే ఆలోచనను యాపిల్ 2007లోనే విరమించుకుంది. అంటే ప్రో 7 విడుదలయ్యే నాటికే దాని పునాదికి భవిష్యత్తు లేదు. వీడియోను చదవడానికి, చూపించడానికి అది వాడుకున్న క్విక్‌టైమ్ 7 కూడా 32-బిట్‌దే. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పులు చేసి ముందుకు తీసుకెళ్లే దారి లేకపోయింది. తిరగరాయడం ఒక్కటే మిగిలింది, ప్రో ఎక్స్ ఆ తిరగరాతే.

తర్వాత రెండు దెబ్బలు తగిలాయి. ఆ రెంటి మధ్య తేడా గమనించదగ్గది. 2017లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ హై సియెరాలో ప్రో 7 ఇక నడవదని యాపిల్ ప్రకటించింది. కానీ ఆ ఓఎస్‌లో 32-బిట్ మద్దతు ఇంకా ఉంది. అందుకే రెట్రోయాక్టివ్ అనే ఉచిత టూల్‌తో ప్రో 7ను హై సియెరాలోనూ, దాని తర్వాతి మొజావేలోనూ నడిపించుకోగలిగారు. 2018 మార్చిలో వచ్చిన హై సియెరా 10.13.4 అప్‌డేట్ నుంచి, 32-బిట్ ప్రోగ్రామ్ తెరిచినప్పుడు ఇది మున్ముందు పనిచేయదన్న హెచ్చరిక కనిపించడం మొదలైంది. 2019 అక్టోబర్‌లో వచ్చిన కటలీనాలో 32-బిట్ లైబ్రరీలనే తీసేశారు. ఆ తర్వాత ఏ టూలూ ప్రో 7ను లేపలేకపోయింది.

మొదటిది గదికి తాళం వేయడం, రెండోది గదినే కూల్చేయడం. తాళానికి మారుతాళం చెవి దొరుకుతుంది. కూల్చిన గదిలోకి వెళ్లే దారి ఉండదు. పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోయిన ప్రతిసారీ ముందుగా తేల్చుకోవలసింది ఈ రెంటిలో ఏది జరిగిందన్నదే. ఇంటర్నెట్‌లో దొరికే చిట్కాలన్నీ మొదటి రకానికే పనికొస్తాయి.

## 4 జీబీ గోడ

యాపిల్ 32-బిట్‌ను ఎందుకు వదిలేసింది? ఒక కారణం నిర్వహణ భారం. రెండు రకాల ప్రోగ్రాములూ నడవాలంటే ఓఎస్‌లోని ప్రతి లైబ్రరీని రెండేసి రూపాల్లో ఉంచాలి, పరీక్షించాలి, భద్రతా లోపాలు సరిదిద్దాలి. రెండో కారణం వీడియోకు నేరుగా సంబంధించింది.

32-బిట్ ప్రోగ్రామ్ ఎంత పెద్ద కంప్యూటర్‌లో ఉన్నా 4 జీబీకి మించిన మెమరీని ఒకేసారి చూడలేదు. హెచ్‌డీ ఫ్రేమ్ ఒకటి, 1920 × 1080 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున దాదాపు 83 లక్షల బైట్లు. 4కే ఫ్రేమ్ అయితే దానికి నాలుగింతలు, 3.3 కోట్ల బైట్లు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన చూస్తే, ఐదు సెకన్ల 4కే వీడియో కుదింపు లేకుండా మెమరీలోకి వచ్చేసరికి ఆ 4 జీబీ నిండిపోతుంది. క్యాసెట్ల కాలంలో తట్టని గోడ హెచ్‌డీ, 4కే కెమెరాలు వచ్చాక తట్టింది. అడోబీ 2010లో ప్రీమియర్ ప్రో సీఎస్5ను 64-బిట్‌కు మాత్రమే తెచ్చింది అందుకే.

## విండోస్‌లో తెగేది మరోచోట

విండోస్ తీరు వేరు. విండోస్ 11కు 32-బిట్ ఎడిషన్ లేకపోయినా 32-బిట్ ప్రోగ్రాములను నడిపే పొర అందులో ఇప్పటికీ ఉంది. పాత ప్రోగ్రాములను చెడగొట్టకుండా ఉండటాన్ని మైక్రోసాఫ్ట్ ఏళ్లుగా పట్టించుకుంది. అయినా స్టూడియోల్లో పాత సాఫ్ట్‌వేర్లు ఆగిపోతున్నాయంటే, తెగేది ప్రోగ్రామ్‌లో కాదు, దాని చుట్టూ ఉన్నవాటిలో.

చాలా పాత సీడీల్లో సాఫ్ట్‌వేర్ 32-బిట్‌దే అయినా ఇన్‌స్టాలర్ 16-బిట్‌ది ఉంటుంది. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. సెటప్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఈ కంప్యూటర్‌లో నడవదన్న సందేశం వస్తుంది. సాఫ్ట్‌వేర్ పనికిరాదని వదిలేస్తారు. నిజానికి అడ్డుపడింది గుమ్మం మాత్రమే.

డ్రైవర్ల సంగతి ఇంకా కఠినం. 64-బిట్ విండోస్ 32-బిట్ డ్రైవర్‌ను లోడ్ చేయదు, విస్టా నాటి నుంచి డిజిటల్ సంతకం లేని డ్రైవర్లనూ ఒప్పుకోదు. విండోస్ 11లోని మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ సంతకం ఉన్న పాత డ్రైవర్లలో కొన్నింటిని కూడా ఆపేస్తుంది. వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డు, లైసెన్సు తాళంచెవిలా పనిచేసే యూఎస్‌బీ డాంగిల్ ఈ జల్లెడలోనే చిక్కుకుంటాయి. డాంగిల్ డ్రైవర్ లేకపోతే డాంగిల్ గుచ్చి ఉన్నా సాఫ్ట్‌వేర్‌కు అది కనిపించదు, దాంతో లైసెన్సు లేదంటుంది.

డీవీ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఫైర్‌వైర్ అనే కేబుల్ కనెక్షన్‌కూ ఇదే గతి పట్టింది. విండోస్ 8 నుంచి పాత ఫైర్‌వైర్ డ్రైవర్‌ను ఓఎస్‌లోంచి తీసేసి విడిగా డౌన్‌లోడ్ చేసుకోమన్నారు. మ్యాక్‌లో 2025 నాటి టాహో వెర్షన్‌తో ఫైర్‌వైర్ మద్దతే పోయింది. గంట డీవీ క్యాసెట్ అంటే దాదాపు 13 జీబీ ఫైల్. హార్డ్ డిస్క్ ఖరీదుగా ఉన్న రోజుల్లో దాన్ని ఎక్కించి, ఎడిట్ చేసి, డీవీడీ ఇచ్చేసి, తర్వాత చెరిపేసేవారు. అసలు ఫుటేజ్ ఇప్పటికీ క్యాసెట్‌లోనే ఉంది. ప్రాజెక్టు ఫైల్ దొరికినా క్యాసెట్‌ను మళ్లీ ఎక్కించే దారి లేకపోతే ఆ టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చిన చోటు) నిండా ఖాళీ క్లిప్పులే.

ఇక క్విక్‌టైమ్. విండోస్‌లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు చాలాకాలం ‘.మూవ్’ ఫైళ్ల కోసం యాపిల్ క్విక్‌టైమ్ మీద ఆధారపడ్డాయి. 2016 ఏప్రిల్‌లో అందులో రెండు తీవ్రమైన భద్రతా లోపాలు బయటపడ్డాయి. యాపిల్ వాటిని సరిదిద్దబోదని తేలడంతో, దాన్ని కంప్యూటర్లలోంచి తీసేయమని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమే సూచించింది. అడోబీ 2018 ఏప్రిల్ అప్‌డేట్‌తో క్విక్‌టైమ్ 7 కాలపు ఫార్మాట్లను ప్రీమియర్‌లోంచి తొలగించింది. అప్పటిదాకా తెరుచుకున్న కొన్ని ఫైళ్లు ఆ మర్నాడు తెరుచుకోలేదు. ఫైల్ పాడవలేదు, చదివే కోడెక్ పోయింది.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో కొన్నిసార్లు ఆశ్చర్యపరిచేంత చిన్న అడ్డంకి ఉంటుంది. ప్రీమియర్ సీఎస్5 ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో, ఏయే కార్డులతో వేగవంతమైన ప్లేబ్యాక్ ఇవ్వాలో రాసిన మామూలు టెక్స్ట్ ఫైల్ ఒకటి ఉండేది. జాబితాలో లేని కార్డు ఎంత శక్తిమంతమైనదైనా వాడుకునేది కాదు. నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైల్ తెరిచి, చివర్లో కొత్త కార్డు పేరు ఒక వరుస చేరిస్తే చాలామందికి పని జరిగిపోయింది. తాళం వేసిన గది అంటే ఇదీ.

## సాఫ్ట్‌వేర్ సరే, లైసెన్సు మాట?

డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా తనంతట తాను నడవదు. చాలావాటిలో ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ కంపెనీ సర్వర్‌ను అడిగి అనుమతి (యాక్టివేషన్) తెచ్చుకోవాలి. 2005 నాటి తన సీఎస్2 సాఫ్ట్‌వేర్ల యాక్టివేషన్ సర్వర్లను అడోబీ మూసేసి, పాత కొనుగోలుదారులకు యాక్టివేషన్ అక్కర్లేని ప్రతిని ఇవ్వాల్సి వచ్చింది. అన్ని కంపెనీలూ అంత దూరం ఆలోచించవు. పాత సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ చెడిపోయి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే, సీడీ, సీరియల్ నంబరు రెండూ భద్రంగా ఉన్నా అడుగు ముందుకు పడకపోవచ్చు.

ప్రీమియర్ సీఎస్6 పరిస్థితి మరీ విచిత్రం. ప్రోగ్రామ్ 64-బిట్‌దే. దాని ఇన్‌స్టాలర్, లైసెన్సును సరిచూసే భాగాల్లో కొన్ని 32-బిట్‌వి. కటలీనాలో ప్రోగ్రామ్‌కు అభ్యంతరం లేదు, దానికి అనుమతి తెచ్చే భాగమే నడవదు.

నెలవారీ చందా పద్ధతి ఈ సమస్యను తీర్చిందనుకుంటే పొరపాటు. పాత వెర్షన్‌లోనే ఉండిపోయే అవకాశాన్ని అది తగ్గించింది. క్రియేటివ్ క్లౌడ్ అనే తన పథకం చందాదారులకు ఇటీవలి రెండు ప్రధాన వెర్షన్లు మాత్రమే ఇస్తామని అడోబీ 2019 మేలో చెప్పింది. కొత్త వెర్షన్ కొత్త ఓఎస్ అడుగుతుంది, ఆ ఓఎస్ కొత్త కంప్యూటర్ అడుగుతుంది. ఎక్కడ ఆగాలన్నది వాడేవారి చేతిలో ఉండదు.

## తెలుగు టైటిళ్లతో అదనపు చిక్కు

తెలుగు రాష్ట్రాల్లో పాత ప్రాజెక్టులకు మరో సమస్య ఉంది. ఇంగ్లిష్‌లో ఉన్న సలహాల్లో ఇది ఎక్కడా కనిపించదు.

‘స్త్రీ’ అన్నది చూడటానికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణంలో) అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. వాటిని కలిపి ఒక ఆకృతిగా మలిచే పని తెర మీద గీసే ఇంజిన్‌ది. ఆనాటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో పేర్లు రాసే భాగాలైన టైటిలర్లలో చాలావాటికి ఆ పని రాదు, వత్తులు విడిపోయి పక్కపక్కన పడేవి. అందుకే స్టూడియోలు అను ఫాంట్లను ఆశ్రయించాయి. అందులో తెలుగు ముక్కలను ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల స్థానాల్లో అమర్చారు. సాఫ్ట్‌వేర్ తాను ఇంగ్లిష్ గీస్తున్నాననుకుంటుంది, తెర మీద తెలుగు కనిపిస్తుంది. ఆ రోజుల్లో అంతకన్నా తెలివైన పరిష్కారం లేదు.

కానీ ప్రాజెక్టు ఫైల్‌లో దాగి ఉన్నది తెలుగు కాదు. కొత్త సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేకుండా తెరిస్తే, వధూవరుల పేర్లు ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, విరామ చిహ్నాలు వరుసకట్టి కనిపిస్తాయి. ఫాంట్ తెచ్చి వేస్తే తిరిగి చదవగలం. అక్షరం దిద్దాలంటే మాత్రం దానికి తగిన కీబోర్డు సాఫ్ట్‌వేర్ కూడా కావాలి. టైటిళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడం, లేదంటే పారదర్శక నేపథ్యం ఉన్న పీఎన్‌జీ బొమ్మలుగా విడిగా తీసిపెట్టుకోవడం నయం. బొమ్మకు ఫాంట్‌తో పనిలేదు.

## పాతదాన్ని నడిపించే దారులు

అన్నిటికన్నా నమ్మకమైనది పాత సిస్టమ్‌ను ఉన్నది ఉన్నట్టు ఉంచేయడం. ఇంటర్నెట్ తీసేయాలి, మొత్తం డిస్క్‌ను ఇమేజ్‌గా కాపీ తీసి వేరే హార్డ్ డిస్క్‌లో దాచాలి. కాపీ అంటే ఫైళ్ల కాపీ కాదు. ఓఎస్, యాక్టివేషన్, ప్లగిన్లు, ఫాంట్లతో సహా డిస్క్ మొత్తానికి నకలు. డిస్క్ పోతే ఆ నకలును కొత్త డిస్క్ మీదికి దించుకోవచ్చు. యాక్టివేషన్ హార్డ్‌వేర్‌ను గుర్తుపెట్టుకునే రకమైతే అదీ కుదరకపోవచ్చు. మదర్‌బోర్డు కాలిపోతే మాత్రం కష్టమే. ఈ దారికి ఆయుష్షు ఆ యంత్రం ఆయుష్షే.

ఒకే యంత్రంలో రెండు ఓఎస్‌లు పెట్టుకోవడం రెండో దారి. ఇంటెల్ మ్యాక్‌లో ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద మొజావే వేసుకుని, కావాల్సినప్పుడు దాన్నుంచి బూట్ కావచ్చు. అయితే ఏ మ్యాకూ తన మోడల్ మొదట వచ్చిన నాటి ఓఎస్ కన్నా పాతదాన్ని సాధారణంగా బూట్ చేయదు. 2019 నవంబర్‌లో వచ్చిన 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో కటలీనాతో వచ్చింది, అందులో మొజావే ఎక్కదు. సొంత చిప్‌లున్న ఎమ్1, ఆ తర్వాతి మ్యాక్‌ల సంగతి చెప్పనక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ మ్యాక్ కొనేవారు మోడల్ ఏడాదితోపాటు అది ఏ ఓఎస్‌తో వచ్చిందో చూడటం తప్పనిసరి.

వర్చువల్ మెషీన్‌ను (కొత్త కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిపే మరో కంప్యూటర్‌ను) చాలామంది మొదటి పరిష్కారంగా సూచిస్తారు. అందులో గ్రాఫిక్స్ కార్డు శక్తి పూర్తిగా అందదు కాబట్టి ప్లేబ్యాక్ తడబడుతుంది. యూఎస్‌బీ డాంగిల్‌ను లోపలికి పంపవచ్చు, ఫైర్‌వైర్‌ను మామూలుగా పంపలేము. రోజువారీ ఎడిటింగ్‌కు ఇది చాలదు. కానీ పాత ప్రాజెక్టును ఒకసారి తెరిచి, అందులోని టైమ్‌లైన్‌ను మరో రూపంలో బయటకు తీయడానికి చక్కగా సరిపోతుంది. ఈ తేడా గుర్తించకపోవడం వల్లే కొందరు దీన్ని గొప్పదంటారు, కొందరు వృథా అంటారు.

## ప్రాజెక్టును బయటికి తీయడం

ప్రో 7 ప్రాజెక్టు ఫైల్ బైనరీ రూపంలో ఉంటుంది. ప్రీమియర్ గానీ, డావిన్చి రిజాల్వ్ అనే మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గానీ దాన్ని నేరుగా తెరవలేవు. అదే ప్రాజెక్టును ప్రో 7లోనే తెరిచి, ఫైల్ మెనూలోంచి ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ రెండూ చదువుతాయి. ఎక్స్‌ఎమ్‌ఎల్ టెక్స్ట్ ఫైల్. ఏ క్లిప్, ఏ టైమ్‌కోడ్ నుంచి ఏ టైమ్‌కోడ్ వరకు, ఏ ట్రాక్‌లో ఉందో నోట్‌ప్యాడ్‌లో తెరిచినా కనిపిస్తుంది. ప్రో 7 తెరుచుకునే యంత్రం ఉన్నంతవరకు ఇది కొన్ని నిమిషాల పని. ఆ యంత్రం పోయిన మర్నాడు అదే ప్రాజెక్టు కోసం పదేళ్ల నాటి మ్యాక్‌ను వెతుక్కోవాలి.

ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో అన్నీ రావు. కట్‌లు, క్రాస్ డిజాల్వ్‌లు, ఆడియో లెవెళ్లు చాలావరకు వస్తాయి. ఇతర కంపెనీల ప్లగిన్లతో చేసిన ఎఫెక్టులు, కలర్ కరెక్షన్, టైటిళ్ల రూపం పోతాయి లేదా మారతాయి. ఎడియస్ వంటివాటిలో టైమ్‌లైన్‌ను బయటికి తీయడానికి ఏఏఎఫ్, ఈడీఎల్ అనే ఫైల్ రూపాలు ఉన్నాయి. వీటిలో ఈడీఎల్ అతి పాతది, అతి పేదది. సాధారణంగా ఒక్క వీడియో ట్రాక్‌కే పరిమితం. నాలుగైదు పొరలు పేర్చి చేసిన తలంబ్రాల సీన్ ఈడీఎల్‌లో ఒక్క పొరగా మిగులుతుంది. అందుకని ఎక్స్‌పోర్ట్ ఫైల్‌తోపాటు, పూర్తయిన వీడియోను మంచి నాణ్యతతో ప్రోరెస్ లేదా డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ అనే కోడెక్‌లో రెండర్ చేసి జతగా ఉంచాలి. ఒకటి తిరిగి ఎడిట్ చేయడానికి, రెండోది అసలు ఎలా ఉండేదో చూసుకోవడానికి.

పాత కోడెక్‌ల ఫుటేజ్ విషయంలో పరిస్థితి మెరుగ్గానే ఉంది. మొజావే తర్వాత చదవలేని ఫైళ్లను గుర్తించి మార్చే సదుపాయాన్ని యాపిల్ 2019లో ఫైనల్ కట్‌లో చేర్చింది. ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే ఉచిత టూల్ సినీప్యాక్, సోరెన్‌సన్ వంటివాటినే కాక, ఎడియస్ వాడిన కెనోపస్ హెచ్‌క్యూ ఫైళ్లను కూడా చదువుతుంది. ఫైల్ దగ్గరుంటే దాన్ని విప్పే దారి దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. టైమ్‌లైన్‌కు ఆ హామీ లేదు.

## వరుసలో తర్వాత ఉన్నవి

ప్రో 7 కథ మళ్లీ జరగబోతోంది. యాపిల్ 2006లో ఇంటెల్ చిప్‌లకు మారినప్పుడు, అంతకుముందు వాడిన పవర్‌పీసీ చిప్‌ల ప్రోగ్రాముల కోసం రొజెటా అనే అనువాద పొరను ఇచ్చి, 2011లో లయన్ వెర్షన్‌తో తీసేసింది. 2020లో సొంత చిప్‌లకు మారినప్పుడు రొజెటా 2ను తెచ్చింది. అది మ్యాక్‌ఓఎస్ 27 వరకే సాధారణ వాడకానికి ఉంటుందని, ఆ తర్వాత కొన్ని పాత గేముల కోసం కొంత భాగమే మిగులుతుందని 2025 జూన్‌లో ప్రకటించింది. ఇంటెల్ మ్యాక్‌లకు టాహోయే చివరి వెర్షన్.

ఈసారి దెబ్బ ప్రధాన సాఫ్ట్‌వేర్లకు కాదు, ప్లగిన్లకు తగులుతుంది. ప్రీమియర్, ఫైనల్ కట్, రిజాల్వ్ ఎప్పుడో కొత్త చిప్‌లకు మారాయి. తయారీదారు పట్టించుకోని పాత ట్రాన్సిషన్ ప్యాక్‌లు, నాయిస్ తగ్గించే టూల్స్ మాత్రం ఇంటెల్ రూపంలోనే ఉన్నాయి. వాటి కోసం ప్రీమియర్‌ను రొజెటాలో తెరుస్తున్నవారు ఇప్పటికీ ఉన్నారు. అలా తెరుస్తున్నారో లేదో చూడటానికి యాక్టివిటీ మానిటర్ చాలు. అందులో ‘కైండ్’ నిలువు వరుసలో ప్రీమియర్ ఎదురుగా యాపిల్ అని కాక ఇంటెల్ అని ఉంటే, ఆ ప్లగిన్లు వాడిన ప్రతి ప్రాజెక్టునూ మ్యాక్‌ఓఎస్ 28 ఎక్కించకముందే తెరిచి, ఎఫెక్టులతో సహా రెండర్ చేసి పెట్టుకోవాలి.